సమస్యాపూరణం: "అన్న బంధింపఁ దమ్ముఁడు హర్ష మందె"

నిర్వాహకుడు, గుంటూరు:

ఇచ్చిన పాదం చివరగా వచ్చేలా మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి. ఈ వారం సమస్య తేటగీతి అనే ఛందస్సులోని పాదం. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన పోలిక, ఇక్కడ అ–హ మైత్రి. పాదం అచ్చుతో మొదలవుతోంది కాబట్టి పై పాదం చివర సంధి చూసుకోండి. 'యన్న', 'నన్న' అని మారినా యతి లోపలి అచ్చుకే చెల్లుతుంది, భయం లేదు.

సందర్భం స్వాతంత్ర్య పోరాటం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూర్చుని కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది. ఆ ఏడాది తిరిగేసరికి గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కా (కొన్ని ఊళ్ళ రెవెన్యూ విభాగం) పన్ను కట్టనంది. ఆ పన్ను వసూలు చేయాల్సింది ఊరి మునసబు. అది వంశపారంపర్యపు ఉద్యోగం. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత పెద్దకొడుకు. అదే ఇంట్లో చిన్నకొడుకు ఆ పన్ను నిరాకరణను నడిపిన పర్వతనేని వీరయ్య చౌదరి గారి వాలంటీర్ల దళం శాంతిసేనలో చేరితే, రాత్రి ఆ ఇద్దరూ ఒకే వసారాలో పీటలేసుకుని ఎలా భోంచేసి ఉంటారు? ఈ పాదం ఇచ్చింది ఆ ప్రశ్న కోసమే.

ఒక్క మనవి. అన్నను ద్రోహిని చేసి సులువుగా దాటేయకండి.

బ్రాడీపేట సభ్యుడు:

జైలు తీర్థమ్ము, సంకెల జపసరమ్ము,
గాంధి పిలుపె వేదమ్ముగాఁ గదలు నపుడు
కొలువు ధర్మము తప్పని కోవిదుఁడగు
నన్న బంధింపఁ దమ్ముఁడు హర్ష మందె

నిర్వాహకుడు:

మొదటి పాదం చదివి కాసేపు ఆగిపోయాను. సంకెల జపమాల కావడం బాగుంది. 'అగు' మీద అచ్చు వచ్చినప్పుడు నుగాగమం చేసి, అంటే మధ్యలో నకారం తెచ్చి, 'అగునన్న' అన్నారు, అదీ శుద్ధంగా ఉంది. కానీ అన్న 'కోవిదుఁడు' ఎందుకయ్యాడు? యతికి 'కో' కావాలి కాబట్టి అయ్యాడు. పైన అంత బరువైన మాటలు చెప్పి మూడో పాదంలో పొల్లుమాట వేస్తే పద్యం అక్కడే కుంగిపోతుంది. తమ్ముడికి జైలు తీర్థమే. మరి తీసుకెళ్ళే అన్నకో? దాన్ని ఒక్క పాదంలో చెప్పాలి. ఇలా చూడండి:

కొలువు బరువున లోలోనఁ గుములుచున్న
యన్న బంధింపఁ దమ్ముఁడు హర్ష మందె

బ్రాడీపేట సభ్యుడు:

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. 'కుములుచున్న' అనగానే అన్న మనిషిలా కనిపించాడు. సవరణ తీసుకుంటున్నాను.

సత్యనారాయణపురం సభ్యుడు:

నేను 'అన్న'ను విరిచాను, అంటే పదాన్ని వేరేలా విడదీసి అర్థం మార్చాను.

బిపిన చంద్రుండు వచ్చిన పిదపఁ బురిని
బాలురెల్లరు గుంపుగాఁ బాడఁ జొచ్చ
మధురముగ నొక్క గొంతుతో "మాతకు జయ
మన్న" బంధింపఁ దమ్ముఁడు హర్ష మందె

'జయము + అన్న'. ఇక్కడ 'అన్న' అంటే 'అనినంత మాత్రాన' అని. సోదరుడు కాదు.

నిర్వాహకుడు:

విరుపు చక్కగా కుదిరింది. బిపిన్ చంద్ర పాల్ 1907 ఏప్రిల్‌లో బెజవాడ వచ్చారు. ఆ పర్యటన వేడిలోనే రాజమండ్రిలో వందేమాతరం అన్నందుకు విద్యార్థుల మీద వేటు పడింది. కాబట్టి కాలమూ సరిపోయింది. పూర్వం అవధానాల్లో ఇలాంటి విరుపుకే చప్పట్లు కొట్టేవారు.

అయితే నా బాధ ఒకటుంది. 'అన్న' మాయమయ్యాక 'తమ్ముఁడు' ఎవరికి తమ్ముడు? సమస్యలోని చిక్కుముడి విప్పారు, కానీ ఇల్లే లేకుండా పోయింది. కొటేషన్ గుర్తు కూడా 'జయము' దగ్గరే మూయాలి. 'అన్న' బయటి మాట కదా.

పెదనందిపాడు సభ్యురాలు:

మాది ఆ ఊరే కాబట్టి రాయకుండా ఉండలేకపోయాను.

మునసబు పదవి విడనాడి ముంగిటికిని
వచ్చి, పొమ్మని తరిమిన వానిఁ జూచి,
కంటి నీ రొల్కుచుండంగఁ గౌఁగిటఁ గొని
యన్న బంధింపఁ దమ్ముఁడు హర్ష మందె

బ్రాడీపేట సభ్యుడు:

అక్కా, 'కౌగిట కొని' అన్నాక మళ్ళీ 'బంధింప' పునరుక్తి కాదా?

పెదనందిపాడు సభ్యురాలు:

కాదనుకుంటున్నాను తమ్ముడూ. కౌగిట్లోకి తీసుకోవడం ఒకటి, వదలకుండా పట్టుకోవడం ఇంకొకటి. పొమ్మన్నవాడే ఇప్పుడు పోనివ్వడం లేదు.

నిర్వాహకుడు:

ఆవిడ చెప్పిందే సరి. 'కొని' క్త్వార్థకం, అంటే 'చేసి', 'వచ్చి' లాంటి అసమాపక క్రియ. దాని ఇకారానికి సంధి లేదు, మధ్యలో యకారం వచ్చే యడాగమమే. 'కొనియన్న' అని పొరపాటు లేకుండా రాశారు. సహాయ నిరాకరణలో భాగంగా 1922 నాటికి ఆ ఫిర్కాలో గ్రామోద్యోగులు నిజంగానే రాజీనామాలు ఇచ్చారు. అప్పటి కలెక్టరు రూథర్‌ఫర్డు, ఊళ్ళలోకి దింపిన సైన్యం, జప్తులు, ఇవన్నీ మనకు తెలిసినవే. పదవి వదలడమంటే జీతం ఒక్కటే పోవడం కాదు, తాతల నాటి హోదా పోవడం. ఆ మాట 'విడనాడి'లో వినిపించింది.

మా అమ్మమ్మ చెప్పిన ఒక సంగతి ఇక్కడ రాయాలనిపిస్తోంది. వాళ్ళ పుట్టింట్లో దండెం మీద ఒక కొసన మిల్లు పంచెలు, రెండో కొసన ఖద్దరు ఆరేవట. అప్పటి ముతక ఖద్దరు తడిస్తే ఒక్కరు పిండలేరు. తమ్ముడి పంచె పిండాల్సి వచ్చినప్పుడు రెండో కొస పట్టుకుని మెలితిప్పేది సర్కారు ఉద్యోగంలో ఉన్న అన్నగారేనట. పిండుతున్నంతసేపూ ఇద్దరికీ మాటల్లేవు. నీళ్ళు కారే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదనేది.

తెనాలి సభ్యుడు:

ఆలస్యమైంది, క్షమించాలి. 1942 ఆగస్టు 12న మా ఊళ్ళో కాల్పులు జరిగి ఏడుగురు పోయారు. వాళ్ళ జ్ఞాపకంగా నిలిపిన స్తంభాల పక్కనుంచే రోజూ రణరంగ చౌక్ దాటి వెళ్తాను. ఆ రోజుల్లో పోలీసు అన్న, విద్యార్థి తమ్ముడు ఉన్న ఒక ఇంటిని ఊహించుకున్నాను.

చిన్న నాఁ డాటలోఁ బట్టి చేతు లదిమి
నవ్వుకొన్నట్టి ముచ్చట నయనములను
మెదల, వణఁకెడి కరముల మెల్లఁగాను
అన్న బంధింపఁ దమ్ముఁడు హర్ష మందె

సత్యనారాయణపురం సభ్యుడు:

దొంగా పోలీసు ఆట! నేను విరుపు వెతుక్కుంటూ తిరిగాను, మీరు పిల్లల ఆటలోంచి తెచ్చారు. నా పద్యంలో లేని ఇల్లు ఇక్కడుంది.

నిర్వాహకుడు:

ముందు దోషం. 'మెల్లఁగాను / అన్న' విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట చేయలేదు. సంధి చేస్తే 'గానన్న' అయి మూడో పాదంలో ఒక లఘువు (పొట్టి అక్షరం) తగ్గుతుంది. ఇలా మారిస్తే సరిపోతుంది:

మెదల, వణఁకెడి కరముల మెల్ల మెల్ల
నన్న బంధింపఁ దమ్ముఁడు హర్ష మందె

ఇప్పుడు నా మాట. అందరం హర్షానికి కారణం దేశంలో వెతికాం, లేదా రాజీనామాలో వెతికాం. ఇతను ఎవరి పక్షమూ మార్చలేదు. అన్న పోలీసుగానే ఉన్నాడు, తమ్ముడు ఖైదీగానే వెళ్తున్నాడు. చేతులు మాత్రం వణికాయి. తమ్ముడు ఆ వణుకు చూశాడు. సంతోషం అక్కడ పుట్టింది. 'వణఁకెడి' అన్న ఒక్క విశేషణం మీద పద్యమంతా నిలబడింది. ఈ వారం నా ఓటు దీనికే, పెదనందిపాడు పద్యం దాని పక్కనే.

తెనాలి సభ్యుడు:

ధన్యవాదాలు మాస్టారూ. 'మెల్ల మెల్ల' నాకు తట్టలేదు. ఒక సందేహం. 'వణఁకెడి' బదులు 'వడఁకెడి' అని రాయాలా? పెద్దల పద్యాల్లో 'వడఁకు' చూశాను.

నిర్వాహకుడు:

గణం రెంటికీ ఒకటే. 'వడఁకు' పాత రూపం, 'వణఁకు' మన నోట్లో మాట. వణుకు వినిపించాల్సిన చోట మన నోట్లో మాటే ఉంచండి.