మైనస్ 30లో పరుగు: ఊపిరితిత్తులకు ప్రమాదమా?

ప్రశ్న: కెనడాలోని ఎడ్మంటన్‌లో జనవరిలో మైనస్ 30 దాకా పడిపోతుంది. ఆ గాలికి ఊపిరితిత్తులు గడ్డకడతాయా? పరుగెత్తాక వచ్చే పొడిదగ్గు దేనివల్ల?

జవాబు 1: గడ్డకట్టవండి. లోపలి గాలి గదులకు చేరేసరికి గాలి దాదాపు 37 డిగ్రీలకు వేడెక్కుతుంది. అసలు ఇబ్బంది పొడిదనం. మైనస్ 20 దగ్గర లీటరు గాలిలో 1 మిల్లీగ్రాము నీటి ఆవిరి ఉంటే ఎక్కువ. లోపలికి వెళ్లేసరికి అది సుమారు 44 మిల్లీగ్రాములు కావాలి. ఆ తేడా అంతా శ్వాసమార్గం లోపొరే ఇచ్చుకోవాలి. నడకలో ఆ పని చాలావరకు ముక్కే చూసుకుంటుంది. పరుగులో నోటితో రొప్పుతాం కాబట్టి భారం లోపలి సన్న నాళాల మీద పడుతుంది. వాటి తడి ఆవిరై ఉప్పు సాంద్రత పెరుగుతుంది, కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాలు వదులుతాయి, చుట్టూ కండరం బిగుస్తుంది. దగ్గు, పిల్లికూతలు అందుకే. ఆపిన 5–10 నిమిషాలకు ఎక్కువై, మామూలుగా గంటలోపు తగ్గుతాయి.

జవాబు 2: బయటికి వెళ్లేముందు ఇంట్లోనే 10–15 నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోండి. ముక్కూ నోరూ మూసేలా మఫ్లర్ చుట్టండి. వదిలిన ఊపిరిలోని తేమ, వేడి అందులో నిలిచి తర్వాతి శ్వాసకు అందుతాయి. అది తడిసి మంచు కడితే గాలి ఆడదు, ఇంకొకటి జేబులో ఉంచుకోండి. ఆస్తమా ఉంటే, డాక్టర్ రాసిచ్చిన సాల్బుటమాల్ (శ్వాసనాళాలను వదులు చేసే ఇన్‌హేలర్ మందు) 15 నిమిషాల ముందు పీల్చండి. మైనస్ 20 దాటితే అంతర్జాతీయ క్రాస్‌కంట్రీ స్కీ (మంచుపై దూరపు పరుగు) పోటీలే వాయిదా వేస్తారు, మీరూ ఆ రోజు ట్రెడ్‌మిల్ ఎక్కండి.

జవాబు 3: ప్రతిసారీ పిల్లికూతలు వస్తుంటే స్పైరోమెట్రీ (ఊపిరి సామర్థ్యం కొలిచే పరీక్ష) చేయించండి. ఛాతీనొప్పి చేతికో దవడకో పాకితే మాత్రం చలిగాలి అనుకోవద్దు, దయచేసి వెంటనే అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. చలికి రక్తనాళాలు ముడుచుకుని గుండెపై భారం పెరుగుతుంది.