డాలస్ ఉగాది వాలంటీర్లకు: హెల్ప్ డెస్క్ పని ఎవరెవరు తీసుకుంటారు?

అందరికీ నమస్కారం. స్టేజీకి, ఫుడ్‌కి, పార్కింగ్‌కి మనుషులు సరిపోయారు, థాంక్స్. ఇప్పుడు అడుగుతున్నది హెల్ప్ డెస్క్ గురించి. ఐస్ (ICE, అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులు) వాళ్ళో ఎఫ్‌బీఐ వాళ్ళో ఇంటికొచ్చి వెళ్ళాక, లేదా మనిషిని తీసుకెళ్ళాక ఇంట్లోవాళ్ళు ఏం చేయాలో చెప్పే డెస్క్ అది. కిందటిసారిలా స్టేజీ మీద అరగంట స్పీచ్ వద్దని నా మనవి. డాన్సుల మధ్యలో ఎవరూ వినలేదు, పైగా నిజంగా భయపడుతున్నవాళ్ళు నలుగురిలో లేచి అడగరు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పోయినేడు మా అపార్ట్‌మెంట్లో ఒకబ్బాయిని పొద్దున్నే పార్కింగ్‌లో పట్టుకెళ్ళారు. వాళ్ళావిడ చంకలో పాపతో మా ఇంటికొచ్చింది. డిటెన్షన్‌లో ఉన్నవాళ్ళను వెతికే ఆన్‌లైన్ లొకేటర్లో పేరు కొడితే రాదు, ఎన్నిసార్లు కొట్టినా రాదు. అతని పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, అందుకని వీసాలో అసలు పేరే ఇంటిపేరైపోయి ముందు ఎఫ్ఎన్‌యూ (FNU, అంటే మొదటి పేరు తెలీదని) అని పడింది. మేమేమో ఇంటిపేరు పెట్టి వెతుకుతున్నాం. రాత్రి తొమ్మిదింటికి బియ్యం డబ్బా వెనక ఉన్న ఫైల్లో పాత ఓపీటీ కార్డు (చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చేది) దొరికింది. దాని మీదున్న తొమ్మిదంకెల నంబరు, పుట్టిన దేశం ఇండియా అని కొడితే నిమిషంలో ఏ సెంటర్లో ఉన్నాడో తేలింది. అప్పటిదాకా ఆ అమ్మాయి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

కాబట్టి డెస్క్ దగ్గర మొదటి పని కాగితం నింపించడం. పాస్‌పోర్టులో, వీసాలో ఉన్నట్టే అక్షరం అక్షరం పేరు, పుట్టిన దేశం, ‘A’ నంబరు, లాయరు ఫోను, పిల్లల్ని స్కూల్ నుంచి తెచ్చే మనిషి పేరు (ఆ పేరు స్కూల్ ఎమర్జెన్సీ లిస్టులో కూడా ఉండాలి). ‘A’ నంబరంటే చాలామందికి తెలీదు, ఈఏడీ కార్డు (వర్క్ పర్మిట్, ఓపీటీ కార్డూ అదే) మీద యూఎస్‌సీఐఎస్ నంబర్ అని ఉంటుంది, అదే. ఫోన్లో ఫొటో ఉంటే చాలదు, ఆ ఫోను మనిషితోపాటే పోతుంది.

లాయర్లు ఇద్దరు కావాలి, ఒకరు ఇమిగ్రేషన్, ఒకరు క్రిమినల్. క్రిమినల్ కేసైతే స్తోమత లేనివాళ్ళకు కోర్టే లాయర్ని ఇస్తుంది, ఇమిగ్రేషన్ కోర్టులో అలా ఇవ్వరు, మనమే పెట్టుకోవాలి. ఏజెంట్లు ఏదో కాలేజీ గురించి రెండు ప్రశ్నలంటూ వచ్చినప్పుడు కంగారులో అబద్ధం చెప్తే ఆ అబద్ధమే ఇంకో నేరమవుతుంది. లాయరుతో మాట్లాడాకే చెప్తాననడం తప్పు కాదు. 2011లో ట్రై వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ అనే దొంగ యూనివర్సిటీల గొడవల్లో మన పిల్లలు ఎంతమంది ఇరుక్కున్నారో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టొద్దని, తెలుగు ఇంటర్‌ప్రెటర్ని అడగొచ్చని పెద్దక్షరాలతో రాసి పెడదాం. కన్సల్టెన్సీ వాళ్ళు మాత్రం ఆ బల్ల దగ్గర వద్దు, స్పాన్సర్లైనా సరే.

ఇంకోటి, కాన్సులేట్‌కు కబురు చేయమని పట్టుబడ్డ మనిషే నోరు తెరిచి అడగాలి. 1963 వియన్నా ఒప్పందం ఆ హక్కు ఇచ్చింది గానీ, మనవాళ్ళ విషయంలో అడక్కపోతే అధికారులు వాళ్ళంతట వాళ్ళు కాన్సులేట్‌కు చెప్పరు. మన డాలస్ వాళ్ళకు హ్యూస్టన్ కాన్సులేట్.

రిజిస్ట్రేషన్ టీమ్ నుంచి: అక్కా, డెస్క్‌కి వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవాలా? బల్ల ఎంట్రన్స్ దగ్గరే వేసేద్దామా?

వద్దు తమ్ముడూ. పేర్లు, ఫోన్ నంబర్లు ఏవీ తీసుకోవద్దు, నింపిన కాగితం వాళ్ళే పట్టుకెళ్తారు. ఎంట్రన్స్ దగ్గరైతే ఎవరూ ఆగరు, కెఫెటీరియా పక్కనున్న క్లాస్‌రూమ్ అడుగుదాం, పచ్చడి తినడానికి వెళ్తున్నట్టే వెళ్ళి రావచ్చు. ఫొటోగ్రాఫర్ బాబుకి కూడా ముందే చెప్పండి, ఆ గదివైపు రావద్దని.

ఫుడ్ టీమ్ నుంచి: పులిహోర వడ్డన పన్నెండున్నరకల్లా అయిపోతుంది, తర్వాత నేనూ మా ఆయనా కూర్చుంటాం. జిరాక్సులు ఎన్ని?

చాలా సంతోషం వదినా. మూడొందలు చాలు, ఒకవైపు తెలుగు, వెనక ఇంగ్లీషు. వీలైతే డాలర్ స్టోర్లో చిన్న అయస్కాంతాలు కూడా తీసుకోండి, కాగితం ఫ్రిజ్ మీద పెట్టుకోవడానికి. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా కూర్చునేవాళ్ళు ఇంకా ఇద్దరు కావాలి, గురువారంలోపు చెప్పండి.