వీహెచ్‌ఎస్ క్యాసెట్లలోని మా నాటకాలను ఏ రూపంలో భద్రపరచాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

1990లలో మా వీధిలో ప్రదర్శించిన తెలుగు పద్యనాటకాలూ, మా పెద్దక్క పెళ్ళీ ఉన్న వీహెచ్‌ఎస్ క్యాసెట్లు మా ఇంట్లో ఉన్నాయి. ఒడిశాలో ఉంటూ తెలుగు పద్యాన్ని నిలబెట్టుకున్న మా పెద్దల గొంతులు వాటిలో తప్ప మరెక్కడా లేవు. కొన్నింటిలో టేపు అంచున తెల్లని బూజు కనిపిస్తోంది. వీటిని డీవీడీల్లోకి ఎక్కించాలా, హార్డ్ డిస్కులో పెట్టాలా, లేక ఇంతకంటే మంచి పద్ధతి వచ్చేదాకా ఆగాలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (బరంపురం నుంచి)

దయచేసి ఆగవద్దు. టేపు కంటే ముందు దానిని ఆడించే యంత్రం కనుమరుగవుతోంది. జేవీసీ సంస్థ 1976లో జపాన్‌లో తెచ్చిన ఈ వీహెచ్‌ఎస్ పద్ధతికి చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో ఆ పని ఆపివేసింది. ఇప్పుడు దొరికేవన్నీ పాత యంత్రాలే కనుక, టేపును చదివే హెడ్ అరిగితే మార్చుకోవడం ఏటేటా కష్టమవుతుంది.

బూజు పట్టిన క్యాసెట్‌ను మాత్రం వీసీఆర్‌లో పెట్టనే పెట్టకండి. ఆ బూజు హెడ్‌కు అంటుకొని, తరువాత పెట్టిన మంచి క్యాసెట్లకూ పాకుతుంది; టేపు తెగే ప్రమాదమూ ఉంది. అలాంటివాటిని వేరుచేసి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో మూసి ఉంచి, టేపు శుభ్రం చేయడం తెలిసినవారికే ఇవ్వండి. బాగున్నవాటిని ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, ఆ తరువాతే ఆడించాలి. మన దేశపు రికార్డింగులు పాల్ (PAL) అనే టీవీ ప్రమాణానివి కాబట్టి 720×576 పరిమాణంలో, సెకనుకు 25 ఫ్రేములతో ఎక్కించమని అడగండి. డీవీ (DV) అనే డిజిటల్ వీడియో ఫైలు రూపంలో గంటకు సుమారు 13 జీబీ అవుతుంది, కానీ ఈ రోజుల్లో అది పెద్ద భారం కాదు.

జవాబు (జయపురం నుంచి)

పై మాటలన్నీ నిజమే. డిస్కుల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఒకప్పుడు ఎందరో పెళ్ళి క్యాసెట్లను వీసీడీలుగా మార్పించి, అసలు టేపులను పారవేశారు. వీసీడీ చిత్రం 352×288 మాత్రమే, అంటే పైన చెప్పిన పరిమాణంలో నాలుగో వంతు కూడా లేదు. పోయిన వివరం ఇక తిరిగి రాదు. ఇంట్లో రాసుకునే డీవీడీలో సమాచారం నమోదయ్యే రంగు పొర ఎండకూ వేడికీ పాడవుతుంది. సోనీ కూడా 2025 ఫిబ్రవరిలో రికార్డబుల్ బ్లూ-రే డిస్కుల తయారీని నిలిపివేసింది. అందువల్ల డిస్కును అదనపు ప్రతిగా ఉంచుకోవచ్చు గాని, దాని మీదే ఆధారపడకూడదు. ఫైలు చేయించినా అసలు క్యాసెట్‌ను దాచండి.

జవాబు (రాయగడ నుంచి)

రెండు హార్డ్ డిస్కులలో పెట్టి, ఒకటి వేరే ఊళ్ళోని బంధువుల ఇంట్లో ఉంచండి. కొన్నేళ్ళకొకసారి కొత్త డిస్కులోకి మార్చండి. ఇంకొక మాట: పద్యాలు పాడినవారి పేర్లు, వేషాలు, ప్రదర్శన జరిగిన సంవత్సరం తెలిసిన పెద్దలను ఇప్పుడే అడిగి, ప్రతి వీడియో పక్కనే తెలుగులో ఒక టెక్స్ట్ ఫైలుగా రాసి పెట్టండి. అవి టేపులో ఎక్కడా నమోదై ఉండవు.