గండికోట నీళ్లలో సెయిల్ బోటు: జింక్ అనోడ్ కరగలేదు, ప్రొపెల్లర్ మాత్రం ఎర్రబడింది

పెన్నాగట్టు (కడప):
24 అడుగుల ఫైబర్ సెయిల్ బోటు. విశాఖలో సముద్రంలో తిరిగింది, ఇప్పుడు గండికోట రిజర్వాయర్లో ఉంది. 25 మి.మీ. స్టెయిన్‌లెస్ షాఫ్ట్, మూడు రెక్కల ప్రొపెల్లర్ (కాంస్యం అని చెప్పి అమ్మారు), షాఫ్ట్ మీద జింక్ కాలర్ అనోడ్ (మిగతా లోహాల బదులు తానే కరిగి వాటిని తుప్పు నుంచి కాపాడే ముక్క). పైకి తీసి చూస్తే జింక్ కొత్తదాని మాదిరే ఉంది, పైన తెల్లటి గట్టి పొర. రెక్కల అంచులు మాత్రం గులాబీ రంగుకు తిరిగాయి. షాఫ్ట్ బేరింగ్‌లోకి దూరేచోట సూది గుంతలు పడ్డాయి. 12 వోల్టుల బ్యాటరీ, ఆటోమేటిక్ బిల్జ్ పంపు (బోటు లోపల అడుగున చేరే నీళ్లు తోడేది) ఉన్నాయి. జెట్టీ దగ్గర ఛార్జర్ తగిలిస్తాం. గీజర్‌లో వేసే మెగ్నీషియం కడ్డీ దీనికి పనికొస్తుందా?

తుప్పులెక్క:
జింక్ కరగలేదంటే పని చేయలేదని అర్థం. ఉప్పునీళ్లలో జింక్ పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతూ కొత్త లోహం బయటపడుతుంది. మంచినీళ్లలో ఆక్సైడ్, కార్బనేట్ పొర గట్టిగా పట్టుకుని కరెంటు పారనీయదు. వైరు బ్రష్‌తో గీకితే నాలుగు రోజులు పని చేసి మళ్లీ మూసుకుపోతుంది. మెగ్నీషియం కాలరే వేయండి. సముద్రపు నీళ్లలో సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే జింక్ దాదాపు మైనస్ 1.03 వోల్టు, మెగ్నీషియం మైనస్ 1.5 దాటుతుంది. మంచినీళ్లలో కరెంటు సులభంగా పారదు కాబట్టి ఆ అదనపు వోల్టేజీ కావాలి. పాత జింక్ పూర్తిగా తీసేయండి. రెండూ పక్కపక్కనే ఉంటే మెగ్నీషియం ముందు జింక్‌ను కాపాడుతూ అరిగిపోతుంది.

బిగించేచోట షాఫ్ట్‌ను 80 నంబరు ఎమరీతో మెరిసేదాకా రుద్దాలి. గ్రీజు, పెయింటు ఏదీ ఉండకూడదు. బోల్టులు బిగించి, కాలర్‌ను సుత్తితో రెండు దెబ్బలు తట్టి, మళ్లీ బిగించాలి. బేరింగ్‌కు నీళ్లు అందేలా కనీసం అంగుళం వదలండి. అనోడ్‌కు పెయింటు వేస్తే ఉన్నా లేనట్టే. రెండు నెలలకోసారి చూసి, సగం అరిగితే మార్చేయండి.

గులాబీ రంగు అంటే ఇత్తడిలోని జింక్ కరిగిపోయి గుల్ల రాగి మిగిలింది. మాంగనీస్ బ్రాంజ్ అని అమ్మేది నిజానికి ఇత్తడే, అందులో 40 శాతం దాకా జింక్ ఉంటుంది. రెక్కను కొడితే ఖంగుమనకుండా మొద్దుగా మోగితే, కత్తితో గీకితే పొడి రాలితే, ఆ ప్రొపెల్లర్ పని అయిపోయింది. అడుగున ఉన్న ఇత్తడి వాల్వులను కూడా ఇట్లనే చూడండి. ప్రొపెల్లర్ పోతే బోటు ఆగుతుంది, వాల్వు విరిగితే మునుగుతుంది.

అనంత_మెరైన్:
మెగ్నీషియం సరే గానీ, బోటు మళ్లీ విశాఖకు పోతుందా? పోతే దింపేముందు కాలర్ తీసేయాల్సిందే, సముద్రంలో కొన్ని వారాలకే కరిగిపోతుంది. అటూ ఇటూ తిరిగే బోటుకైతే అల్యూమినియం అనోడ్ వేస్తాను. మంచినీళ్లలో మెగ్నీషియమంత గట్టిది కాదు, జింక్ కంటే ఎంతో మేలు. ఆర్వో ప్లాంటు వాళ్ల టీడీఎస్ మీటరుతో నీళ్లు కొలవండి. రీడింగు వందల్లోనే ఉంటే మెగ్నీషియం, వేలల్లోకి పోతే అల్యూమినియం.

షాఫ్ట్ గుంతల సంగతి వేరు. స్టెయిన్‌లెస్‌ను కాపాడే పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి. బేరింగ్ లోపల నీళ్లు నిలిచిపోతే అది అందదు. అనోడ్ ప్రభావం కూడా ఆ సందులోకి పెద్దగా పోదు. వారానికోసారి ఇంజిన్ గేరులో వేసి పది నిమిషాలు తిప్పండి. గోరు దిగేంత గుంతలుంటే షాఫ్ట్ మార్చండి.

వైరుమనిషి_కర్నూలు:
ఛార్జర్ సంగతి ఎవరూ అడగలేదే! ఛార్జర్ ఎర్త్ వైరు మీ షాఫ్ట్‌ను జెట్టీ ఇనుముతో కలుపుతుంది. అప్పుడు మీ అనోడ్ జెట్టీని కాపాడే పనిలో పడుతుంది. ఎర్త్ వైరులో గాల్వానిక్ ఐసోలేటర్ వేయండి. అందులోని డయోడ్లు వోల్టు పైచిలుకు దాకా డీసీని ఆపుతాయి, షార్టయినప్పుడు ఏసీని మాత్రం పోనిస్తాయి. ఎర్త్‌ను కత్తిరించే తెలివితేటలు వద్దు. మంచినీళ్ల కంటే మనిషి ఒంట్లోంచి కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి, లీకైతే పక్కన ఈదేవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. అసలు మన సీమ ఎండకు సోలార్ ప్యానెల్ పెట్టుకుంటే జెట్టీ ప్లగ్గుతో పనే లేదు.

తర్వాత ఛార్జర్ తీసేసి, స్విచ్‌లన్నీ ఆపి, బ్యాటరీ ప్లస్ కేబుల్ విప్పి, మధ్యలో మల్టీమీటర్ పెట్టండి. ముందు 10 ఆంపియర్ల రేంజి, తర్వాత మిల్లీ ఆంపియర్లు. రేడియో మెమరీ లాంటివి తీసేసినా కరెంటు పారుతుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోండి. ఎక్కువసార్లు దొంగ బిల్జ్ పంపు వైరు జాయింటే. అది నీళ్లలో తడిసి, ప్లస్ కరెంటు వాల్వు గుండా బయటికి పోతుంది. ఈ లీకేజీ లోహాన్ని రోజుల్లోనే తినేస్తుంది, ఏ అనోడూ దాన్ని ఆపలేదు. ఆ జాయింటును నీళ్లు చేరని ఎత్తుకు తెచ్చి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడగండి.

పెన్నాగట్టు:
టీడీఎస్ 290. బిల్జ్ ఫ్యూజు పీకితే 35 మిల్లీ ఆంపియర్లు సున్నా అయింది. గీజర్ కడ్డీని వైరుతో ఇంజిన్‌కు కట్టి నీళ్లలోకి వేలాడదీయొచ్చా?

తుప్పులెక్క:
దొంగ దొరికినట్టే, ముందు ఆ జాయింటు చూడండి. కడ్డీ లోహం అదే. కానీ ఇంజిన్‌కు, షాఫ్ట్‌కు మధ్య రబ్బరు కప్లింగ్ ఉంటే కరెంటు షాఫ్ట్ దాకా చేరదు. కప్లింగ్ రెండు వైపులా ఓమ్ మీటరు పెట్టండి. ఒక ఓమ్ దాటితే రెండు ఫ్లాంజులనూ కలుపుతూ రాగి పట్టీ వేయాలి. అది వేసినా కడ్డీని బోటు ఆగి ఉన్నప్పుడే, ప్రొపెల్లర్‌కు ఎదురుగా, దగ్గరగా వేలాడదీయాలి. ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు పైకి లాగడం మరిచిపోతే వైరు పోయి రెక్కలకు చుట్టుకుంటుంది. అందుకే కాలరే వేయమంటున్నాను.