అప్‌డేట్: సమోవన్, ఐస్‌లాండిక్ వలసలను పోల్చడం గురించి

కెనడాలోని ఐస్‌లాండర్లు నిలదొక్కుకోవడానికి, పసిఫిక్ ద్వీపదేశం సమోవా నుంచి న్యూజిలాండ్‌కు వలస వెళ్లిన సమోవన్లు వెనుకబడటానికి కారణం సంస్కృతేనా అని లోగడ అడిగాను. చదివిన కొద్దీ నా ప్రశ్నే వంకరగా ఉందని తేలింది. 1875లో విన్నిపెగ్ సరస్సు ఒడ్డున గిమ్లీలో దిగిన ఐస్‌లాండర్లకు ప్రభుత్వం ప్రత్యేకంగా భూమి కేటాయించింది. మరుసటి ఏడాది మొదలైన మశూచి వందమందికి పైగా బలితీసుకున్నా, 1877లోనే వారు సొంత భాషలో ‘ఫ్రామ్‌ఫారి’ పత్రికను అచ్చువేసుకున్నారు (ఆ పట్టుదలకు నాకు ముచ్చటేసింది). సమోవన్లకు దొరికింది భూమి కాదు, ఆక్లాండ్ ఫ్యాక్టరీల్లో కూలిపని. 1970లలో ఉద్యోగాలు తగ్గగానే, వీసా గడువు దాటినవారి కోసమంటూ పోలీసులు తెల్లవారుజామున వారి తలుపులు బాదారు. న్యూజిలాండ్ ప్రభుత్వం అందుకు క్షమాపణ చెప్పింది 2021లో. సమోవన్లు జీతంలో కొంత స్వదేశంలోని కుటుంబానికీ, చర్చికీ, పెళ్లిళ్లకూ, చావులకూ పంపడాన్ని నేను లోగడ వారి పేదరికానికి కారణంగా రాశాను. అది కష్టకాలంలో ఆదుకునే ఏర్పాటు కూడా అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.