వేట సీజన్ మొదట్లో బిగ్‌హార్న్ (వంపు కొమ్ముల అడవి గొర్రె) పొట్టేళ్లను ఎలా కనిపెట్టాలి?

కొండల్లో వేట అనుభవం ఉన్నవాళ్లు కాస్త సాయం చేయండి. వేట లైసెన్సు, ట్యాగు (ఈ జంతువును వేటాడేందుకు ఇచ్చే అనుమతి చీటీ) రెండూ ఉన్నాయి. రాకీ పర్వతాల్లో చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైన మూడు రోజులుగా గాలిస్తున్నాను. పిల్లలతో తిరిగే ఆడ గొర్రెలు కనబడ్డాయి గానీ ఒక్క పెద్ద పొట్టేలూ కంటపడలేదు. ఈ కాలంలో మగవి వేరే గుంపుగా ఉంటాయని తెలుసు. ఆ చోటు పట్టుకోవడమే నా వల్ల కావట్లేదు.

తెల్లారగానే, మళ్లీ సాయంత్రం పచ్చిక వాలుల మీద మేస్తాయి కదా, ఎండెక్కాక రాతి నీడలో పడుకుంటాయి. ఒంటి గోధుమరంగు రాయిలో కలిసిపోతుంది. నిన్న ఒక బండను అరగంట చూశాను, చెవి కదిలాకే అది ఆడ గొర్రె అని తెలిసింది! వెనకవైపు తెల్లమచ్చే నాకున్న గుర్తు, పడుకుంటే అదీ సరిగ్గా కనబడదు.

10×42 (పది రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్స్‌ను ట్రైపాడ్ మీద పెట్టి చూస్తున్నాను. మధ్యాహ్నం స్పాటింగ్ స్కోప్‌లో (దూరాన్ని చూసే చిన్న టెలిస్కోప్) వేడికి అంతా అలలు అలలుగా కదులుతుంది, కొమ్ము చుట్టు పూర్తయిందో లేదో తేలదు. చుట్టు పూర్తికాని పొట్టేలును పొరపాటున కాల్చడం నాకు అస్సలు ఇష్టం లేదు. అలాంటప్పుడు ఒకే చోట రోజంతా కూర్చోవాలా, శిఖరం అవతలి నీడవాలుకు మారాలా? పగలు గాలి పైకి వీస్తుంది కాబట్టి, నా వాసన వాటికి తగలకుండా పైనుంచి దిగడమే మంచిదంటారా?