నోస్ఫెరాటు (1922): నీలిరంగు లేకుండా చూడటం తప్పా?

మూకీప్రియ: నలుపు తెలుపులోనే ఈ జర్మన్ మూకీ రక్తపిశాచి సినిమా నీడలకి పదును. రంగు అద్దిన కాపీల్లో ఆ పదును చచ్చిపోతోంది. రంగు లేకుండా చూడటమే మేలంటాను.

పాతరీలు: మేలు కాదండీ, కథే తారుమారవుతుంది. రక్తపిశాచి ఓర్లాక్ తన శవపేటికను చంకన పెట్టుకుని ఊళ్లో నడిచే షాట్ చూడండి. ఇళ్ల గోడల మీద పట్టపగటి వెలుగు! కథలో అది రాత్రి. 1921 నాటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు అందదు, వేగమూ తక్కువ, అంటే వెలుతురు బాగా కావాలి. షూటింగ్ జరిగిన జర్మన్ ఊళ్లు విస్మార్, ల్యూబెక్‌ల వీధుల్ని రాత్రిపూట దీపాలతో వెలిగించడం దీన్ని తీసిన ప్రాణా ఫిల్మ్ లాంటి చిన్న సంస్థకి అయ్యే పని కాదు. అందుకే పగలు తీసి, ప్రింటులో ఆ ముక్కల్ని నీలిరంగు తొట్టిలో ముంచేవారు. పైగా దీనికి మూలమైన బ్రామ్ స్టోకర్ నవలలో డ్రాకులా పగలూ తిరుగుతాడు. ఎండ తగిలి మాయమైపోవడం ఈ సినిమా పెట్టిన నియమం. నీలం తీసేస్తే ఆ ముగింపు నిలబడదు.

మూకీప్రియ: మరి నలుపు కూడా నీలంగా కనిపిస్తోందే?

పాతరీలు: అది డిజిటల్‌లో జరిగే పొరపాటు. అద్దకం జెలటిన్‌కి, అంటే బొమ్మని పట్టి ఉంచే పొరకి పడుతుంది. తెల్లని చోట్లు నీలమవుతాయి, బొమ్మని ఏర్పరిచే వెండి దట్టంగా ఉన్నచోట నలుపు నలుపే. వెండినే రంగుగా మార్చే టోనింగ్ వేరు. సాఫ్ట్‌వేర్‌లో నీలిపొరని మల్టిప్లై మోడ్‌లో (కింది నలుపుని నలుపుగానే ఉంచే పద్ధతి) వెయ్యాలి. ఊరికే పైన పరిస్తే నీడలు తేలిపోయి మసక కమ్ముతుంది. మీరు చూసింది అదే.

కొలబద్ద: స్పీడు సంగతి కూడా చూడండి. అసలు పొడవు 1,967 మీటర్లు. 35 ఎం.ఎం.లో మీటరుకి సుమారు 52.5 ఫ్రేములు, అంటే మొత్తం లక్షా మూడు వేల పైచిలుకు. సెకనుకి 18 చొప్పున ఆడిస్తే 95 నిమిషాలు పైనే, 24 చొప్పున అయితే 72 కూడా ఉండదు. ఓర్లాక్ బండి గజగజలాడుతూ దూసుకొచ్చేలా దాన్ని ఒక్కో ఫ్రేమే తీశారు. 24 చొప్పున ఆడిస్తే మిగతా అందరూ పరుగులు పెడతారు, అప్పుడు ఆ బండి ఇంకెవరిని భయపెడుతుంది?

మూకీప్రియ: స్పీడు ఒప్పుకున్నాను. రాత్రికి నీలం ఉండాలన్నదీ ఒప్పుకున్నాను. కానీ 2006 పునరుద్ధరణలో రంగులకి ఆధారం పారిస్ సినిమాథెక్‌లోని (సినిమాల భాండాగారం) ఫ్రెంచి ప్రింటు. 1922 మార్చి 4న బెర్లిన్‌లో తొలి ప్రదర్శనకి వేసింది అది కాదు కదా. పైగా పాత అద్దకాలు వెలిసిపోతాయి. నీలం సరే, ఇంత చిక్కని నీలమే అనడానికి ఆ ప్రింటు ఒక్కటే చాలదు.